చిల్లర తేడాయే కదా!

“అన్నా, ఏఐ ప్రాజెక్టు వస్తుందనుకుంటే తీసుకెళ్లి మైగ్రేషన్‌లో పడేశారు. రెజ్యూమేలో ఏం రాసుకోవాలి?”

ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న మెసేజ్ ఇదే. కంపెనీ పాత డేటా వేర్‌హౌస్‌ని కొత్త ప్లాట్‌ఫామ్ మీదకి మార్చే పని అప్పజెప్తే, కొత్తగా చేరినవాళ్లకి ఎవరిదో ఇల్లు మారుతుంటే మనకి సామాన్లు మోసే పని తగిలినట్టు ఉంటుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ చిన్నచూపుతో ఒకసారి నేను చేయబోయిన తప్పు గురించి ఈ వారం చెప్తాను.

ముందు డేటా వేర్‌హౌస్ అంటే ఏంటో రెండు ముక్కల్లో. పాతకాలం షావుకారు రోజువారీ అమ్మకాలు చిట్టాలో రాసుకునేవాడు. తర్వాత తీరిగ్గా కూర్చుని వాటిని పద్దులవారీగా ఆవర్జాలోకి ఎక్కించేవాడు. ఏ సరుకు ఎంత పోయింది, ఎవరి బాకీ ఎంత అని చూడాలంటే ఆవర్జా తెరవాల్సిందే. కౌంటర్ దగ్గర బిల్లు కొట్టే సిస్టమ్ చిట్టా అనుకుంటే, అన్ని షాపుల బిల్లులూ ఒకచోట చేరే డేటా వేర్‌హౌస్ ఆవర్జా అన్నమాట.

మా క్లయింట్ ఒక విదేశీ సూపర్ మార్కెట్ల సంస్థ. పేరు వద్దులెండి. వాళ్ల ఆవర్జా ఏళ్ల తరబడి టెరాడేటాలో ఉంది. టెరాడేటా 1979లో అమెరికాలో పుట్టిన కంపెనీ, పెద్ద లెక్కలకి పెట్టింది పేరు. క్లయింట్ దాన్నుంచి 2012లో మొదలైన స్నోఫ్లేక్‌కి మారాలనుకున్నారు. కారణం మామూలే. సొంత మెషీన్లు కొని, పండగ సీజన్ రద్దీకి సరిపడా ఏడాది పొడవునా మేపడం కంటే, క్లౌడ్‌లో కావాల్సినప్పుడు వాడుకుని, వాడినంతసేపటికే డబ్బు కట్టడం మేలనిపించింది.

పాత డేటా మొత్తం కాపీ చేశాం. రెండు వైపులా వరుసలు లెక్కపెడితే ఒక్కటి కూడా తేడా రాలేదు. పార్టీ కూడా చేసుకున్నాం. తర్వాత ప్యారలల్ రన్ మొదలైంది. అంటే రోజూ షాపుల నుంచి వచ్చే ఫైళ్లని పాతదాంట్లోకీ, కొత్తదాంట్లోకీ రెండింట్లోకీ ఎక్కించి, లెక్కలు ఒకేలా వస్తున్నాయా అని చూడటం. ఆదివారం రాత్రికి కటోవర్. సోమవారం నుంచి పాతది ఆపేస్తాం.

శుక్రవారం సాయంత్రం చూస్తే బిల్లు వివరాల టేబుల్‌లో తేడా. రోజుకి సుమారు 12 లక్షల వరుసలు వస్తే, కొత్తదాంట్లో ఓ 900 ఎక్కువ ఉన్నాయి. పది వేలకి ఏడో ఎనిమిదో. చూస్తే ఆ 900 కూడా అచ్చం పక్క వరుసలాగే ఉన్నాయి. అదే షాపు, అదే బిల్లు నంబర్, అదే వస్తువు, అదే ధర.

“డూప్లికేట్లు. ఒక డిస్టింక్ట్ పెట్టేయండి, మ్యాచ్ అయిపోతుంది. చిల్లర తేడాయే కదా!” అన్నది నేనే.

మా టీమ్‌లో ఆరు నెలల క్రితం చేరిన అమ్మాయి మాత్రం సీట్లోంచి కదల్లేదు. “అన్నా, అవి నిజంగా డూప్లికేట్లేనా?” అంది.

“అన్ని కాలమ్‌లూ ఒకేలా ఉంటే డూప్లికేట్ కాక ఇంకేంటమ్మా?”

“మరి అన్నీ అవే ఇరవై ఏడు షాపుల నుంచి ఎందుకొస్తున్నాయి?”

నా దగ్గర సమాధానం లేదు. నిజం చెప్పాలంటే చిరాకేసింది. అప్పటికి మూడు వారాలుగా ఇంటికి టైముకి వెళ్లింది లేదు. సైన్ ఆఫ్ మెయిల్ డ్రాఫ్ట్ కూడా రెడీగా ఉంది. ఆ పిల్ల మాత్రం ఒక బిల్లు నంబర్ తీసుకుని, బిల్లు మొత్తం ఎంతో దాచే వేరే టేబుల్‌లో వెతికింది. ఆ బిల్లులో పాల ప్యాకెట్ వరుస రెండుసార్లు ఉంది. రెండూ కలిపితేనే బిల్లు మొత్తం సరిపోతోంది. ఒకటి తీసేస్తే తక్కువొస్తోంది. ఇంకో పది బిల్లులు చూశాం. పదింటికి పదీ అంతే.

అంటే అవి డూప్లికేట్లు కావు. కస్టమర్ నిజంగానే రెండు పాల ప్యాకెట్లు కొన్నాడు. మిగతా షాపుల మెషీన్లు ఒకే వస్తువు రెండుసార్లు స్కాన్ చేస్తే ఒకే వరుసలో ‘2’ అని రాస్తాయి. ఆ ఇరవై ఏడు షాపుల్లోని పాత మెషీన్లు రెండు విడి వరుసలు రాస్తున్నాయి. ఫైల్‌లో వరుస నంబర్ లేదు కాబట్టి రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

మరి పాతదాంట్లో రెండో ప్యాకెట్ ఏమైంది? ఇక్కడే అసలు సంగతి. టెరాడేటాలో టేబుళ్లు రెండు రకాలు. సెట్ టేబుల్, మల్టీసెట్ టేబుల్. సెట్ టేబుల్ అన్ని కాలమ్‌లూ ఒకేలా ఉన్న రెండో వరుసని ఉంచుకోదు. ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి గుంపుగా ఎక్కిస్తే, ఎర్రర్ కూడా ఇవ్వకుండా వదిలేస్తుంది. పైగా టెరాడేటా మోడ్‌లో టేబుల్ తయారుచేసేటప్పుడు ఏ రకమో చెప్పకపోతే సెట్ టేబులే వస్తుంది. అంటే ఏళ్ల కిందట ఎవరో ఒక మాట రాయలేదు. అంతే. స్నోఫ్లేక్‌కి అలాంటి అలవాటు లేదు. ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచుకుంది.

పాత డేటా కాపీ చేసినప్పుడు లెక్క ఎందుకు సరిపోయిందో ఇప్పుడు అర్థమైంది కదా? పోయిన వరుసలు అప్పటికే పోయాయి. తప్పుని తప్పుతో పోల్చి, ఒకేలా ఉందని పార్టీ చేసుకున్నాం.

మేనేజర్‌కి చెప్తే మొహం మాడిపోయింది. ఆయన్నీ తప్పుపట్టలేం. కొత్తది పాతదానిలాగే లెక్క చెప్పాలన్నది మన ఒప్పందం. పాతదే తప్పు అని క్లయింట్‌కి చెప్పడం మన పనేనా? శనివారం పొద్దున వరకూ అదే గొడవ. చివరికి ఆ పది బిల్లులూ పెట్టి మెయిల్ పంపాం. కటోవర్ రెండు వారాలు వాయిదా పడింది.

క్లయింట్ వైపు నుంచి మొదట వచ్చింది కోపం. తర్వాత వాళ్ల ఫైనాన్స్ ఆవిడ ఒకే ప్రశ్న అడిగింది: “ఏ షాపులు?” లిస్టు పంపాం. ఆవిడకి వెంటనే తట్టిన విషయం మాకు తెలియదు. డబ్బు లెక్క బిల్లు మొత్తాల టేబుల్ నుంచి వెళ్తుంది కాబట్టి కంపెనీ ఖాతాలకి ఏమీ కాలేదు. కానీ కొన్ని వస్తువుల టార్గెట్ దాటితే షాపు సిబ్బందికి నెలాఖరున ఇన్సెంటివ్ ఇస్తారు. ఆ లెక్క మన ‘చిల్లర’ టేబుల్ నుంచే వెళ్తుంది. పాత మెషీన్ ఉన్న పాపానికి ఆ ఇరవై ఏడు షాపుల వాళ్లు అమ్మిన సరుకు ఎన్నో ఏళ్లుగా తక్కువగా కనబడుతోంది. కొన్ని నెలల్లో టార్గెట్ అంచుదాకా వచ్చి ఆగిపోయారు. దాచి ఉంచిన ఫైళ్లు 13 నెలలవే దొరికాయి. అంతవరకు మళ్లీ లెక్కవేసి ఇచ్చారు. అంతకుముందువి ఇక తెలియవు.

నేను ఆ శుక్రవారం డిస్టింక్ట్ పెట్టించి ఉంటే, ఆ తప్పుని నా చేత్తో కొత్త ఇంట్లో కూడా ప్రతిష్ఠించేవాణ్ని. లెక్కలు భేషుగ్గా మ్యాచ్ అయ్యేవి.

వాయిదా అంటే పరువు పోతుందని మనకో భయం. పోయేది వాయిదా వేస్తే కాదు. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు దాదాపు 52 లక్షల మంది ఖాతాదారుల వివరాలని ఒక వారాంతంలో కొత్త సిస్టమ్‌కి మార్చింది. అది వేర్‌హౌస్ కాదు, బ్యాంకు అసలు సిస్టమే. డేటా వెళ్లింది కానీ సిస్టమ్ తడబడింది. లక్షల మంది తమ ఖాతాలు తెరవలేకపోయారు. ఆ ఏడాదే సీఈవో పదవి వదులుకున్నారు. 2022 డిసెంబర్‌లో నియంత్రణ సంస్థలు సుమారు 4 కోట్ల 86 లక్షల పౌండ్ల జరిమానా వేశాయి.

ఇప్పుడు మైగ్రేషన్‌లో ఉన్నవాళ్లకి కొన్ని మాటలు. క్వెరీలు మార్చే టూల్స్ బోలెడున్నాయి, ఏఐ కూడా బాగానే మారుస్తుంది. కానీ మా సమస్య ఏ క్వెరీలోనూ లేదు, టేబుల్ స్వభావంలో ఉంది. అలాంటివి ఇంకా ఉన్నాయి. 5ని 2తో భాగిస్తే, రెండూ పూర్ణాంకాలైతే, టెరాడేటా 2 అంటుంది, స్నోఫ్లేక్ 2.5 అంటుంది. ఇంగ్లిష్‌లో పేరు పెద్దక్షరాల్లో రాసినా చిన్నక్షరాల్లో రాసినా టెరాడేటా మోడ్‌లో మామూలుగా ఒకటే, స్నోఫ్లేక్‌లో వేర్వేరు. స్నోఫ్లేక్ మామూలు టేబుల్‌లో ప్రైమరీ కీ పెట్టినా అది డూప్లికేట్లని ఆపదు.

అందుకే వరుసలు లెక్కపెట్టి ఊరుకోవద్దు. మొత్తాలు కూడండి. షాపులవారీగా, నెలలవారీగా విడగొట్టి చూడండి. తేడా ఎంత అన్నదానికంటే ఎక్కడి నుంచి వస్తోంది అన్నది ముఖ్యం. వీలైతే రెండింటికీ సంబంధం లేని మూడో సాక్ష్యంతో పోల్చండి. మాకు ఆ బిల్లు మొత్తం పనికొచ్చినట్టు.

ఇక రెజ్యూమే సంగతి. ‘400 టేబుళ్లు మార్చాను’ అని అందరూ రాస్తారు. ‘ఫలానా తేడా ఎందుకొచ్చిందో కనిపెట్టాను’ అని ఒక్క లైన్ రాయగలిగితే ఇంటర్వ్యూలో మిగతా అరగంట దాని గురించే మాట్లాడతారు. మా టీమ్ అమ్మాయి అదే రాసింది. ఇప్పుడు వేరే కంపెనీలో నాకంటే మంచి పొజిషన్‌లో ఉంది.

నేను మాత్రం ఆ తర్వాత ఏ తేడానీ ‘చిల్లర’ అనలేదు. మీ ప్రాజెక్టులో ఇలాంటివి తగిలితే రాయండి. వచ్చే వారం కలుద్దాం.