నాలుగు లీటర్ల కోసం నలభై ఎనిమిది లక్షలా?



మన నల్లపాడు, గుంటూరు వైపు మిర్చి బేరాల్లో నాలుగు పైసలు చూసిన భాయిల్లో కొత్త షౌక్ ఒకటి మొదలైంది. ఇంట్లో హైబ్రిడ్ క్యామ్రీ శుభ్రంగా నడుస్తున్నా "కొత్త మోడల్ వచ్చింది, మార్చేద్దాం" అంటున్నారు. ఎందుకంటే పెట్రోలు బచత్ అట.

సరే, హిసాబ్ చూద్దాం. 2019లో వచ్చిన మోడల్‌కు కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 23 కిలోమీటర్ల పైచిలుకు. 2024 డిసెంబరులో వచ్చినదానికి దాదాపు 25న్నర. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే మిగిలేది నాలుగు లీటర్లు కూడా కాదు! బండి ధర మాత్రం వచ్చినప్పుడే 48 లక్షలు. దీన్ని బచత్ అంటారా? సీదాగా షౌక్ అనండి, ఝూట్ అన్నా తప్పుతుంది.

బ్యాటరీ పోతుందని ఇంకో ఖౌఫ్. 2021 ఆగస్టు నుంచి అమ్మిన క్యామ్రీలకు బ్యాటరీ వారంటీ 8 ఏళ్ళు, లేదా 1.6 లక్షల కిలోమీటర్లు. 2022లో కొన్న బండికి అప్పుడే జనాజా ఎందుకు?

పాతది అమ్మి, పైన 25 లక్షలు వేస్తారనుకోండి. ఆ రొక్కం ఏడాది చేతిలో ఉంటే జకాత్ 62,500. సొంత సవారీకి జకాత్ లేదు. మిరప తొడిమలు తీసి బతికే బేవాల హక్ సీటు కవర్ల కిందికి పోయినట్టే కదా! ఫైనాన్స్‌లో తీసుకుంటే సూద్ సంగతి వేరే చెప్పాలా? ఇస్రాఫ్ మీద జుమా బయాన్ విని, అటునుంచి అటే టెస్ట్ డ్రైవ్‌కు!

కొత్తదాంట్లో లిథియం బ్యాటరీ ఉంది, మంచిదే. పాత బండి నిజంగా మొరాయించినప్పుడు కొనుక్కోండి. అప్పటిదాకా వెనకసీటు దగ్గర బ్యాటరీకి గాలి వెళ్ళే జాలీలో పేరుకున్న మిర్చి దుమ్ము దులిపించండి.