ప్రాజెక్టుకి మార్కులు రెండో ఏడు వెయ్యాలి



పోయిన వారం వీడియోలో టాంజానియాలో సైకిల్‌తో మొక్కజొన్న కంకులు ఒలిచే యంత్రం చూపించాం కదా. అది చూసి చాలామంది ఫోన్ చేశారు. "మన ఇంజనీరింగ్ పిల్లలు కూడా ఇలాంటివి చెయ్యాలండీ" అన్నారు. చెయ్యాలి, నిజమే. కానీ ఆఫ్రికా పల్లెల్లో విద్యార్థులు చేసిన ప్రాజెక్టుల గురించి చదివే కొద్దీ నాకు ఒక్క విషయం అర్థమైంది. యంత్రం తిరిగిన రోజు పెద్ద లెక్కలోకి రాదు. ఆగిపోయిన రోజు ఎవరు బాగుచేస్తారన్నదే అసలు లెక్క.

ఆ సైకిల్ యంత్రం సంగతే చూడండి. జోడీ వూ అనే అమ్మాయి అమెరికాలోని ఎంఐటీలో చదువుతూ దాని మీద పనిచేసింది. అలాంటి తొక్కుడు యంత్రాలు అంతకు ముందే గ్వాటెమాలాలో ఉన్నాయి. కానీ అక్కడ సైకిల్ మొత్తం యంత్రంగా మారిపోతుంది. టాంజానియా రైతుకి సైకిలే బండి, దాన్ని యంత్రానికి వదులుకోలేడు. అందుకే సైకిల్ వెనక తగిలించి, పనయ్యాక తీసేసేలా మార్చారు. చేను చేనుకీ తిరిగి ఒలిచి, కూలి తీసుకుని, అదే సైకిల్ మీద ఇంటికెళ్లొచ్చు. 2009లో ఆ అమ్మాయి కంపెనీ పెట్టింది. తర్వాత ఆ కంపెనీ సోలార్ లైట్ల అమ్మకం వైపు మళ్లింది. అంటే మంచి డిజైన్ ఉన్నంత మాత్రాన వ్యాపారం నిలబడుతుందని లేదు.

అదే ఎంఐటీలో 2002లో డీ-ల్యాబ్ మొదలుపెట్టిన ఏమీ స్మిత్ కథ నాకు ఇంకా నచ్చింది. సెనెగల్‌లో ఆడవాళ్లు ధాన్యం పిండి ఆడించుకునే హ్యామర్ మిల్లులో జల్లెడ విరిగితే ఊరి కమ్మరి చెయ్యలేడు, బయటి నుంచి రావాలి. అప్పటిదాకా మిల్లు మూలనే. ఆవిడేం చేశారంటే, జల్లెడే తీసేశారు! గాలి ఊపుతో పిండి వేరుపడేలా మార్చారు. కొత్త భాగం కలపలేదు, పాడయ్యే భాగాన్ని తీసేశారు. ఇంజనీరింగ్ అంటే ఇదీ.

దీనికి పూర్తి ఎదురు కథ మలావీది. ఇంజనీర్స్ వితౌట్ బార్డర్స్ కెనడా తరఫున పనిచేసిన డేవిడ్ డాంబర్గర్ 2011లో ఒక ప్రసంగంలో చెప్పారు. ఒక ప్రాంతంలో 113 కుళాయిల్లో 81 పనిచెయ్యడం లేదు. వెయ్యడానికి డబ్బొచ్చింది, బాగుచేసుకోడానికి ఏర్పాటు లేదు. ఆ సంస్థ 2008లో తమ వైఫల్యాల మీద తామే రిపోర్టు వేసుకోవడం మొదలుపెట్టింది. మనలో ఎంతమందికి ఆ ధైర్యం ఉంది?

మనకి బాగా తెలిసిన బోరింగ్ పంపుంది కదా, ఇండియా మార్క్ 2. మన దేశంలో 1970ల్లో తయారై, ఆఫ్రికాలో చాలా దేశాలకి వెళ్లింది. గట్టిదే, కానీ లోపల వాషర్ పోతే పైపులన్నీ పైకి లాగాలి, మెకానిక్ రావాలి. అందుకే 80ల్లో అక్కడ ఆఫ్రిదేవ్ అనే పంపు వచ్చింది. పైపులు లాగకుండానే ఊరివాళ్లు కొద్దిపాటి పనిముట్లతో లోపలి భాగాలు మార్చుకోవచ్చు. రెండూ ఇచ్చేది నీళ్లే. రెండోది మాత్రం రిపేరు గురించి ముందే ఆలోచించింది.

ఇప్పుడు నా సంగతి. రెండేళ్ల కిందట ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుంచి నలుగురు పిల్లలు మా పొలానికి వచ్చారు. 200 లీటర్ల డ్రమ్ముకి మోటారు, జాలీ బిగించి జీవామృతం కలిపి వడకట్టే యంత్రం చేశారు. రివ్యూ రోజు చక్కగా తిరిగింది. ఫొటోలు దిగాం. మూడో వారానికి పేడ పిప్పికి జాలీ మూసుకుపోయింది, లోడుకి మోటారు కాలిపోయింది. అలాంటి మోటారు మా మండలంలో దొరకదు. పిల్లలకి ఫోన్ చేస్తే పాపం ఉద్యోగాల్లో ఉన్నారు. ఇప్పుడు మళ్లీ కర్రతోనే తిప్పుతున్నాం.

తప్పు వాళ్లది మాత్రమే అనను. నా డిప్లొమాలో నేనూ రికార్డు మీద సంతకం పడితే చాలనుకున్నవాణ్ణే. పైగా రైతుగా నేను అడగాల్సినవి అడగలేదు. రోజూ డ్రమ్ము కలిపే మా కూలి అక్కని ఎవరూ అడగలేదు, నాతో సహా. అడిగుంటే "జాలీ నిలవదయ్యా" అని మొదటి రోజే చెప్పేది.

అందుకని మీ పొలానికి ప్రాజెక్టు పిల్లలు వస్తే కాదనకండి. టీ ఇవ్వండి, పొలం చూపించండి, ఈ నాలుగు మాటలు అడగండి:

1. ఇందులో ముందు పాడయ్యేది ఏది?
2. ఆ భాగం మన మండలంలో దొరుకుతుందా, మన వెల్డింగ్ షాపులో అవుతుందా?
3. చేత్తో ఈ పని చేసే మనిషిని అడిగారా?
4. మీరు వెళ్లిపోయాక ఎవరికి ఫోన్ చెయ్యాలి?

"ఒక్క సెమిస్టర్‌లో ఇవన్నీ ఎలా అవుతాయి సార్?" అంటారు. అవ్వవు, నిజమే. అందుకే కాలేజీలకి నాదొక విన్నపం. వచ్చే ఏడు బ్యాచ్‌కి కొత్త టాపిక్ ఇవ్వకండి. పోయినేడు ఆగిపోయిన యంత్రం ఇవ్వండి. దాన్ని మళ్లీ తిప్పినవాళ్లకే ఎక్కువ మార్కులు వెయ్యండి.

మా డ్రమ్ము ఇంకా షెడ్డులోనే ఉంది. ఏ పిల్లలు వచ్చినా ముందు దాని దగ్గరికే తీసుకెళ్తాను.