ఒడ్డున ఉన్న పడవ



మన తూర్పు తీరములో ప్రతి యేటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మోటారు పడవలు సముద్రములో వేటకు వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలము గనుక ప్రభుత్వము ఈ నియమము పెట్టింది. తెరచాపతోను తెడ్లతోను నడిచే పడవలకు ఈ నిషేధము లేదు. అయితే చెక్క పడవకు సముద్రమే పెట్టిన నియమము ఒకటున్నది. ఏడాదికొకసారైనా అది ఒడ్డుకు ఎక్కాలి, ఆరాలి, బాగుపడాలి. తెరచాప పడవలు ఈనాడు చాలా తగ్గిపోయాయి గాని వాటిని సిద్ధపరచే పని తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ పనిని గూర్చి ఈ నెల ఆలోచిద్దాము. పొలము మీద బ్రతికే కుటుంబములకు కూడా ఇది పనికివచ్చే మాటే.

కొన్ని వారములు ఎండలో ఉన్న పడవ దగ్గరకు తిరిగి వెళ్ళినప్పుడు మొదట కంటబడేవి పలకల మధ్య సందులు. కొత్తవాడు చూసి పడవ పాడైపోయిందని దిగులుపడతాడు. అది పాడవడము కాదు. చెక్క ఆరితే ముడుచుకుంటుంది, తడిస్తే ఉబ్బుతుంది. అసలు హాని కంటికి కనబడనిది. ఉప్పునీటిలో చెక్కను తొలిచే జీవి ఒకటున్నది. మనము పురుగు అంటాము గాని అది గుల్లల జాతికి చెందినది. అతి చిన్న రంధ్రము చేసి లోపలికి వెళ్ళి, లోపలనే పెరుగుతూ పలకను తినివేస్తుంది. పైకి పలక నున్నగానే ఉంటుంది. అందుకే అనుభవమున్న వడ్రంగి కంటితో చూసి ఊరుకోడు. సుత్తితో మెల్లగా తట్టి, చెవి పెట్టి వింటాడు. గట్టి చెక్క ఒక విధముగా పలుకుతుంది, డొల్ల చెక్క మరొక విధముగా పలుకుతుంది. అనుమానమున్న చోట మొనగల ఇనుముతో పొడిచి చూస్తాడు. పడవ బాగా ఆరితే ఆ జీవి లోపలనే చచ్చిపోతుంది. పడవ ఊరికే పడి ఉన్నదని మనము అనుకునే రోజులలో ఎండ ఈ పని చేస్తూనే ఉంటుంది.

తరువాత పని వరుసగా జరగాలి. అడుగున పేరుకున్న గుల్లలను, నాచును గీకివేయాలి. మేకుల చుట్టూ తుప్పు మరక కనబడితే ఆ మేకును నమ్మకూడదు. పుచ్చిన పలకను తీసి కొత్తది వేయాలి. సందులలో దూది గాని పీచు గాని కూరి, పైన గుగ్గిలము, నూనె కలిపిన ముద్దతో గాని కీలుతో గాని మూయాలి. ఎండిన సందు వెడల్పుగా ఉన్నదని మితిమీరి కూరకూడదు. నీటిలో దిగాక చెక్క ఉబ్బి పలకను పలక నెట్టుకుంటుంది.

తెరచాపను ఇసుక మీద పూర్తిగా పరచి చూడాలి. తడిగా మడిచి పెట్టిన చాపకు బూజు పట్టి ఉంటుంది. చాలాసార్లు గుడ్డకంటె ముందు కుట్టు తెగుతుంది. తాడు కట్టే మూలలే ఎక్కువ బరువు మోస్తాయి గనుక అక్కడ కుట్టును వేలితో లాగి చూడాలి. చాప కట్టే కొయ్య మొదట్లో నీరు నిలిచి పుచ్చుతుంది. అది పైన ఎంత నిటారుగా ఉన్నా, అడుగు పుచ్చితే పెద్ద గాలికి నిలువదు. తాళ్ళు, చుక్కాని, తెడ్లు, నీరు తోడే డబ్బా, ప్రాణరక్షణ కోట్లు అన్నీ చూసుకోవాలి. చివరకు పడవను లోతులేని నీటిలో ఉంచి చెక్కను నాననివ్వాలి. మొదట కొంత నీరు ఊరుతుంది. చెక్క ఉబ్బినకొద్దీ అది తగ్గాలి. తగ్గకపోతే మరల ఒడ్డుకు లాగవలసిందే.

ఈ పని నిన్న మొన్న పుట్టినది కాదు. 1986లో వర్షములు లేక గలిలయ సముద్రములో నీరు బాగా తగ్గినప్పుడు, గినోసర్ అనే చోట ఇద్దరు అన్నదమ్ములకు బురదలో ఒక పాత పడవ కనబడింది. పొడవు ఎనిమిది మీటర్లకు పైగా, వెడల్పు రెండు మీటర్లకు పైగా ఉన్నది. సుమారు రెండు వేల సంవత్సరముల నాటిదని పరిశోధకులు తేల్చారు. దానికి తెరచాప కొయ్య కూడా ఉండేది. అది యేసు ప్రభువు ఎక్కిన పడవ అని ఎవరూ చెప్పలేరు. కాని అందులో పన్నెండు రకముల చెక్క కనబడింది. పలకలు ఎక్కువగా దేవదారు, లోపలి పక్కటెముకలు సింధూరము, మిగిలిన చోట్ల దొరికిన చెక్క దొరికినట్టు వేశారు. కొన్ని ముక్కలు అంతకుముందే వేరే పడవలకు వాడినవి. అది ధనవంతుని పడవ కాదు. ఎవరో పేద జాలరి దానిని ఏళ్ళ తరబడి అతికి అతికి నడుపుకున్నాడు. జెబెదయి కుమారులు తండ్రితో కూడ పడవలో వలలు బాగుచేసుకొంటుండగా పిలువబడ్డారని సువార్తలో చదువుతున్నాము. అలాంటి ఇండ్లలో మరమ్మతు పని దినదిన కార్యమే.

అయితే ఈనాడు మన కుటుంబములకు వచ్చే చిక్కు వేరు. పడవ ఖర్చు, పిల్లల బడి ఖర్చు రెండూ జూన్ నెలలోనే వస్తాయి. నిషేధ కాలమునకు మన రాష్ట్ర ప్రభుత్వము ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలైంది. మంచిదే. కాని అప్పు ఇచ్చినవాడు కూడా ఆ తేదీని గుర్తు పెట్టుకుంటాడు. అప్పుడు కలిగే శోధన ఏమిటంటే, పుచ్చిన పలకను అలాగే ఉంచి, పైన రంగు వేసి, పడవను దించివేయడము. ఆ పడవలో ఒక్కడే వెళ్ళడు. నాలుగు ఇండ్ల మగవారు వెళతారు. ఒడ్డున నాలుగు ఇండ్ల స్త్రీలు ఎదురుచూస్తారు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదవండి. కాలము మించిపోయినదని పౌలు హెచ్చరించాడు. శతాధిపతి నావికుని మాట, ఓడ యజమాని మాట విన్నాడు. 276 మంది ప్రాణములు దేవుని దయ వలన దక్కాయి గాని ఓడ ముక్కలైంది. ఆ తరువాతి సంగతి మనము అంతగా గమనించము. మూడు నెలల తరువాత వారిని మెలితే నుండి ఇటలీ తీరమునకు చేర్చిన ఓడ ఏది? ఆ ద్వీపములోనే చలికాలమంతా ఆగి ఉన్న ఓడ. తొందరపడిన ఓడ దరి చేరలేదు. ఆగిన ఓడ చేరింది.

కాబట్టి ఒక మాట. పడవ దించక ముందు భార్యాభర్తలు కలిసి కూర్చుని లెక్క వేసుకోండి. మొదటి రూపాయి నీటి అడుగున ఉండే పలకకు, రెండవది తాళ్ళకు, చాపకు, ప్రాణరక్షణ కోట్లకు. రంగు చివరిది. డబ్బు చాలకపోతే దించడము ఒక వారము ఆపండి. అది సిగ్గుపడవలసిన విషయము కాదు. సంఘములోని యౌవనస్థులారా, చేతులు ఖాళీగా ఉన్న రోజులలో పెద్దవారి పడవ లాగండి, గుల్లలు గీకండి. మగదిక్కు లేని ఇంటి పడవ ఉంటే మొదట అక్కడికి వెళ్ళండి.

పడవ దించే దినమున ప్రార్థనకు కాపరిని పిలుస్తారు. సంతోషముగా వస్తాము. అయితే ప్రార్థన సందులో కూరే దూది కాదు. నోవహు దేవునితో నడిచినవాడు. అయినను ఓడకు లోపల, వెలుపల కీలు పూయవలసి వచ్చింది. పడవ ఒడ్డున ఉండగానే ఆ పని ముగించి మమ్మును పిలవండి. అప్పుడు మీతో కలిసి నిశ్చింతగా ఆమేన్ అంటాము.

మీ గృహములకు సమాధానము కలుగును గాక.