సలహాకు జవాబు కావాలి
జైనూర్ మండలంలో పెద్దల సలహా మండలి కోసం ఒక ప్రణాళిక

జైనూర్ మండలంలో అరవై దాటిన మేము ఈ కాగితం రాయించుకుంటున్నాం. మాలో సంతకం వచ్చినవాళ్లు తక్కువ. వేలిముద్ర వేద్దామంటే అది పింఛన్ మిషన్‌కే ఆనడం లేదు. అయినా రాయిస్తున్నాం, ఎందుకంటే నోటితో చెప్పుకున్నది ఆఫీసు మెట్లు దిగేలోపే గాలికి పోతున్నది.

మాకొక సలహా మండలి కావాలి. ఏటా అక్టోబర్ 1న వృద్ధుల దినం అని పిలిచి, మెడలో శాలువా వేసి, చేతిలో అరటిపండు పెట్టి, ఫొటో తీసి పంపించే మండలి అక్కర్లేదు. మేము చెప్పిన మాట రిజిస్టరులోకి ఎక్కాలి. నెల తిరిగేలోపు ఎంపీడీవో గానీ, తహసీల్దార్ గానీ, దవాఖాన డాక్టర్ గానీ, ఉట్నూర్ ఐటీడీఏ గానీ, అది ఎవరి పని అయితే వాళ్లు రాతపూర్వకంగా జవాబివ్వాలి. "కాదు" అని వచ్చినా తీసుకుంటాం. ఎందుకు కాదో మాత్రం రాయాలి. ఈ ఒక్క షరతుకు ఒప్పుకోకపోతే మండలి పెట్టొద్దు. ఉత్త కమిటీలు మా బతుకులో చాలా చూశాం.

సలహా అనే మాట ఈ నేలకు కొత్తది కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొమ్మని నిజాం సర్కారు మానవశాస్త్ర పండితుడు హైమండార్ఫ్‌కు పని అప్పగించింది. ఆయన బంగళాలో కూర్చుని పట్వారీ చెప్పింది రాసుకుని పోలేదు. మన మండలంలోని మార్లవాయిలోనే భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కాపురం పెట్టాడు. గోండీ నేర్చుకున్నాడు, పెద్దమనుషుల మధ్య కూర్చుని విన్నాడు. తర్వాత సర్కారుకు సలహాదారయ్యాడు. ఆ పుణ్యాన ఎంతోమందికి భూమి పట్టాలొచ్చాయి, 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లను తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. ఆ దంపతుల సమాధులు ఇప్పటికీ మార్లవాయిలో ఉన్నాయి, ఏటా జనం పోయి దండం పెట్టి వస్తారు. ఎక్కడో ఆస్ట్రియాలో పుట్టిన మనిషి సలహా ఎట్లా పనిచేసింది? ఒకటి, ఆయన ఊళ్లో ఉన్నాడు. రెండు, భీం పోరు తర్వాత సర్కారుకు వినక తప్పలేదు. మేము పుట్టినప్పటి నుంచీ ఊళ్లోనే ఉన్నాం. ఆ రెండోదే మాకు లేదు.

రాయి సెంటర్లు ఉండగా మళ్లీ ఇదెందుకు అని కొందరు అడిగారు. రాయి సెంటర్ గోండుల కట్టుబాట్లది. పెళ్లి, తప్పు, దేవర పని, తగాదా అక్కడ తేలుతాయి. వాళ్ల జాగలోకి మేము అడుగుపెట్టం. కానీ జైనూర్‌లో ఉన్నది గోండులు మాత్రమే కాదు. కొలాములున్నారు, పర్ధానులున్నారు, లంబాడాలున్నారు, ముస్లింలున్నారు, దళితవాడలున్నాయి, ఇంట్లో మరాఠీ మాట్లాడుకునేవాళ్లున్నారు. పింఛన్ ఇచ్చే రోజు ఈ ముసలివాళ్లంతా ఒకే అరుగు మీద కూర్చుంటారు, ఒకే తంబాకు డబ్బీ చేతులు మారుతుంది. 2024 సెప్టెంబర్ గొడవల్లో ఈ ఊళ్లో దుకాణాలు కాలాయి, ఆంక్షలు పెట్టారు, ఇంటర్నెట్ ఆగింది. ఆ దినాల్లో ఎవరి ఇంట్లో వాళ్లం బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం, మందుగోలీ తెచ్చిపెట్టే మనిషి లేడు. అందుకే మండలిలో ఏ ఒక్క తెగకూ, ఏ ఒక్క మతానికీ సగానికి మించి కుర్చీలు ఉండకూడదని మొదటి మాటగా రాసుకున్నాం.

మొత్తం పదిహేను కుర్చీలు. ఎనిమిది ఆడవాళ్లవి. ఎందుకు ఎనిమిది అంటే, మా కాలపు పంచాయితీల్లో ఆడమనిషి చాటున నిలబడి వినడమే గానీ నోరు తెరిచింది లేదు, ఆ తప్పు మాదే. ఒక కుర్చీ తోడులేక ఒంటరిగా బతికే మనిషికి. ఒక కుర్చీ కోడలికి. అవును, కోడలికే. మంచం పట్టిన అత్తను కడిగి, తినిపించి, పత్తి చేనుకు పరుగెత్తే మనిషికి తెలిసినంత మాకు కూడా తెలియదు. ఆమె నడుము పడిపోతే మా బతుకూ పడిపోతుంది. పార్టీ పదవిలో ఉన్నవాళ్లకు కుర్చీ లేదు. ఫోన్‌లో దరఖాస్తు పెట్టడం తెలిసిన ఒక పిల్లనో పిల్లగాణ్నో పక్కన కూర్చోబెట్టుకుంటాం, వాళ్లకు ఓటు ఉండదు. గ్రామ పంచాయతీల్లో కోఆప్షన్ సభ్యులుగా ఉన్న పెద్దలను మా కూటమికి పిలుస్తాం. సంత రోజే కూర్చుంటాం, ఎట్లాగూ ఊరికి వచ్చేది ఆనాడే కదా.

ఇగ మా వయసు సంగతి. మా వయసు మాకు తెలియదు, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. ఆధార్ తీసిననాడు కంప్యూటర్ ముందున్న పిల్లగాడు మొహం చూసి ఒక సంవత్సరం వేశాడు, తేదీ జనవరి 1 అన్నాడు. గూడెంలో సగం మంది ఒకే రోజు పుట్టిపోయాం. నవ్వుకోవడానికి బాగుంటుంది. కానీ రాష్ట్రంలో పింఛన్ వయసు 65 నుంచి 57కు దించింది 2022 ఆగస్టులో. ఆధార్ తీసిననాడు ఆ పిల్లగాడి చేతిలో పదేళ్లు చిన్నదైపోయిన మనిషి పళ్లూడినా ఇంకా వరుస బయటే ఉన్నది. మాకు సంవత్సరాలు రావు గానీ కాలాలు వస్తాయి. భీం పోరునాటికి తల్లి చంకలో ఉన్నవాడికి ఎనభై అయిదు దాటి ఉంటాయి. రజాకార్ల భయంతో అడవిలో దాక్కున్నది యాదికున్న మనిషి ఎనభైకి ఇవతల ఉండదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగిన దినానికి బిడ్డతల్లి అయినామెకు ఇవ్వాళ అరవైకి తక్కువ ఎట్లా ఉంటుంది? 1996 నాటి పెసా చట్టం పేదరిక పథకాలకు లబ్ధిదారులను గుర్తించే బాధ్యత గ్రామసభకే ఇచ్చింది. కాబట్టి గ్రామసభలో పదిమంది ఎదుట ఇట్లా తేల్చిన వయసును ఆఫీసులు లెక్కలోకి తీసుకోవాలి. ఇది మా మొదటి సలహా. దీనికి వచ్చే జవాబు కోసమే ముందుగా ఎదురుచూస్తాం.

పింఛన్ గురించి ఎక్కువ చెప్పం, అందరికీ తెలిసిందే. 2014లో వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2,016 అయింది. అందులో కేంద్రం వాటా ఎనభై లోపు వాళ్లకు 200, ఎనభై దాటితే 500. ఇంటికి ఒక్కటే పింఛన్ అన్న నియమం మాత్రం మాకు మింగుడు పడదు. ముసలాయనకు వస్తే ముసలామెకు లేదు. ఆయన పోయాక ఆమెకు వస్తుంది. ఇది ఎట్లాంటి లెక్కో చూడండి, మొగుడు బతికున్నంత కాలం ఆమె ముసలిది కాదన్నమాట. ఇద్దరికీ ఇవ్వాలని అడుగుతున్నాం. కట్టెలు కొట్టి, విప్పపూలు ఏరి, పత్తి తీసి అరిగిన వేళ్లకు మిషన్‌లో గీతలు దొరకవు. మూడుసార్లు ఆనకపోతే నాలుగోసారి రమ్మనకుండా, పంచాయతీ కార్యదర్శి సాక్ష్యంతో అక్కడే డబ్బు చేతికివ్వాలి. మంచం మీద ఉన్నవాళ్ల దగ్గరికి పోస్టు మనిషే రావాలి. మా వైపు తప్పు కూడా ఒకటి ఉంది: పింఛన్ పడిన సాయంత్రమే సగం సారా కొట్టుకు చేర్చే మొగవాళ్లు మాలో ఉన్నారు. వాళ్ల సంగతి సర్కారు మీద నెట్టం, మేమే చూసుకుంటాం.

దవాఖాన దగ్గర మా అసలు రోగం భాష. కొలాం ముసలామె కడుపులో ఎట్లా ఉందో కొలామీలో చెబుతుంది. పక్కనున్న మనిషి దాన్ని గోండీలోకి, ఇంకొకరు తెలుగులోకి మారుస్తారు. డాక్టర్ దాకా పోయేసరికి ఆమె నొప్పి ఇంకెవరి నొప్పో అయిపోతుంది. గోండీ, కొలామీ, లంబాడీ, ఉర్దూ, మరాఠీ వచ్చిన ఆశ కార్యకర్తలు ఈ మండలంలోనే ఉన్నారు. సంత రోజు ఓపీలో వంతుల వారీగా ఒకరు కూర్చుంటే చాలు, దానికి కొంత కూలి కట్టివ్వాలి. పెద్దలకు వేరే వరుస ఉండాలని 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోనే రాశారు. మాకు వరుస కన్నా ముందు బెంచీ కావాలి. కంటి వెలుగు 2018లో ఒకసారి, 2023లో ఒకసారి వచ్చింది, కళ్లద్దాలిచ్చారు, మంచిదే. శిబిరం ఎత్తేశాక అద్దం పగిలితే ఎవరిని అడగాలో ఎవరూ చెప్పలేదు. వానకాలం వాగులు పొంగితే గూడేలకు తొవ్వ ఉండదు, మంచాన్నే డోలీ చేసి మోసుకొస్తారు. కాబట్టి మృగశిరకు ముందే ప్రతి గూడెంలో బీపీ, షుగర్ ఉన్న పెద్దల పేర్లు రాసి, మూడు నెలల గోలీలు ఒకేసారి ఇచ్చేయాలి. ఖర్చు పెరగదు, ఇచ్చే మందులు అవే.

బస్సు సంగతి ఒక్క ముక్క. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు, సంతోషం. ముసలామెకు టికెట్ లేకపోయినా ఆ పై మెట్టు అందదు. మెట్టు అందిన ముసలాయనకు టికెట్ ఉంది.

ఇప్పుడు చెప్పబోయేది మాలో కొందరికి ఇష్టం లేదు. అయినా రాయాలని ఆడవాళ్లు పట్టుబట్టారు. ఊళ్లో బిడ్డకు జ్వరం తగ్గకపోయినా, ఎద్దు చచ్చినా, మంత్రమనీ బాణామతి అనీ గుసగుస లేస్తుంది. వేలు ఎవరి మీదికి పోతుంది? ఒంటరి ముసలామె మీదికి, కొన్నిసార్లు చెట్టుమందు తెలిసిన ముసలాయన మీదికి. పట్టించుకునేవాళ్లు లేని మనిషినే ఏరుకుంటారు. ఈ మండలి అట్లాంటి నిందను ఎన్నడూ విచారించదు, ప్రమాణాలు చేయించదు, తప్పు కట్టించదు. వినపడిన నాడే ఇద్దరు సభ్యులు పోయి ఆ మనిషి వాకిట్లో కూర్చుంటారు, ఒకరు పోలీసులకు చెబుతారు. పెద్దమనుషులు ఊరకున్నందుకే ఇట్లాంటివి ప్రాణాల మీదికి వచ్చాయి. ఇక ఊరకోం.

కన్నవాళ్లను చూడని బిడ్డల విషయంలోనూ ఆ 2007 చట్టమే ఉంది. అరవై దాటినవాళ్లు నెలకు పదివేల దాకా పోషణ ఖర్చు అడగవచ్చు. వకీలు అక్కర్లేదు, నోటీసు పోయాక తొంభై రోజుల్లో తేల్చాలి. వినేది ఆర్డీవో. ఆయన ఉండేది ఆసిఫాబాద్‌లో. సోమవారం ప్రజావాణికి పోవాలన్నా అక్కడికే, కెరమెరి ఘాట్ దిగి. 2016లో జిల్లా చీలాక ఆదిలాబాద్ తప్పింది, సంతోషించాం, కానీ ఘాట్ అట్లాగే ఉంది. మూడు నెలలకొకసారి ఆ విచారణ జైనూర్‌లోనే జరపాలి. కొడుకుల మీద కేసులు పెట్టించడం మా పని కాదు. పత్తి ధర పడిపోయిన ఏడు కొడుకు దగ్గరా ఏమీ ఉండదని మాకు తెలుసు. పోడు పట్టా సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలి, దాన్ని అమ్మడానికి లేదు, వారసులకే పోతుంది. అయినా తండ్రి పోగానే కొడుకుల పేర్లు ఎక్కించి తల్లిని మర్చిపోతున్నారు. పట్టా మారేటప్పుడు తల్లి పేరు ఉందా లేదా చూడటం మండలి పని.

తిండి విషయం. బియ్యం వస్తున్నాయి, తింటున్నాం. కానీ మా ఒళ్లు జొన్న గటకతో పెరిగింది. రేషన్‌లో కొంత జొన్నలు ఇస్తే ఇక్కడి రైతు దగ్గరే కొనవచ్చు.

మేము అడిగేవాళ్లమే కాదు, ఇచ్చేది కూడా మా దగ్గర ఉంది. మార్లవాయి కనకరాజు పిల్లలకు గుస్సాడీ నృత్యం నేర్పుతూ ముసలివాడయ్యాడు, 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబర్‌లో పోయాడు. దండారి పాట, పర్ధానుల కీకిరి వాద్యం మీద పలికే కులకథలు, ఏ ఆకు ఏ నొప్పికి అన్న తెలివి ఇంకా కొన్ని నోళ్లలోనే ఉన్నాయి. ఆశ్రమ పాఠశాలలకు వారానికొక పూట ఈ మనుషులను పిలిచి, కూలి కట్టి, పిల్లల ముందు కూర్చోబెట్టాలి. దయతో పిలవొద్దు, పంతులును పిలిచినట్టు పిలవాలి.

పెద్దల కోసం ఒక చట్టబద్ధమైన కమిషన్‌ను దేశంలో ముందుగా తెచ్చింది కేరళ, 2025లో. మన రాష్ట్రంలోనూ రావచ్చు. వస్తే హైదరాబాద్‌లో ఉంటుంది. దానికి ఏజెన్సీ నుంచి పోయే కాగితం ఇక్కడి నుంచే పోవాలి కదా. ఇది ఆ కాగితం.

జైనూర్ మండలంలోని అన్నలకు, అక్కలకు, కోడళ్లకు ఒక మాట. వచ్చే సంత రోజు ఎండ ఎక్కకముందే రండి. రాలేనివాళ్ల పేర్లు ముందు రాయించండి, నడిచి వచ్చినవాళ్ల పేర్లు తర్వాత రాసుకుందాం. ఒంటరిగా ఉన్న మనిషి మీ గూడెంలో ఎవరున్నారో అడిగి రండి. ఆపదలో ఫోన్ చేయడానికి పెద్దల సహాయ నంబరు 14567, దాన్ని ఇంటి గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకోండి.