బొమ్మ తుపాకుల భారతం

మొన్న సంక్రాంతి సెలవులలో అనుమసముద్రంపేట వెళ్లాను. ఖాజా నాయబ్ రసూల్ దర్గా వలన ఆ ఊరు పేరు పొందింది. మతభేదం లేక ఎక్కడెక్కడి వారో అక్కడికి వచ్చి మొక్కులు చెల్లించుకొని పోతారు. దర్గాకు పోయే దారిలో ఒక ఆటవస్తువుల అంగడి ముందు ఆరుగురు కుర్రవాళ్లు ప్లాస్టిక్ తుపాకులు బేరమాడుతున్నారు. మీసకట్టు వస్తున్న పిల్లలు. ఈ వయస్సులో మీకీ బొమ్మలెందుకురా అని అడిగాను.

"వెబ్ సిరీస్ తీస్తున్నాం సార్. ఒకే ఊళ్లో వాళ్లు రెండు పక్షాలై కొట్టుకునే కథ" అన్నాడొకడు.

"నవ్వించే కథా, ఏడిపించే కథా?"

"రెండూను సార్."

ఆ జవాబు నాకు నచ్చింది. అక్కడే ఒక అరుగు మీద కూర్చొని, వారి సెల్ ఫోనులో అంతవరకు తీసిన నాలుగు భాగాలూ చూచాను. బోరింగు దగ్గర బిందెల వరుస తప్పినందుకు పుట్టిన తగవు అంతర్యుద్ధమై ఊరిని రెండుగా చీలుస్తుంది. ఒక సేనాపతికి తపేలాయే శిరస్త్రాణం. కాల్పులు ముమ్మరంగా సాగుతుండగా ఒక గేదె నింపాదిగా నడుమ నుండి నడిచిపోతుంది. అది దాటిపోయేవరకు ఉభయ సైన్యాలూ తుపాకులు దించి నిలబడతాయి. నేను పైకే నవ్వాను.

పిమ్మట మాటల మీద అసలు సంగతి తెలిసింది. వీరిది సమీపాన ఉన్న ఒక చిన్న పల్లె. పేరు చెప్పను. పంచాయతీ ఎన్నికల నాటి నుండి అక్కడ రెండు వీధుల వారికి మాటలు లేవు. ఒకరి ఇంటి శుభకార్యానికి మరొకరు పోరు. ఈ ఆరుగురిలో ముగ్గురు ఆ వీధివారు, ముగ్గురు ఈ వీధివారు. ఇళ్లలో తెలియకుండా చెరువు వెనుక చిల్లచెట్ల చాటున కలిసి ఈ యుద్ధం చేసుకుంటున్నారు. పెద్దలు నిజంగా చేస్తున్న దానిని పిల్లలు బొమ్మ తుపాకులతో చేస్తున్నారన్న మాట.

ఈ ముచ్చట చెప్పగా నా ఉపాధ్యాయ మిత్రులు ఇద్దరు రెండు ఆక్షేపణలు చేశారు. బొమ్మదే అయినా తుపాకి తుపాకే, అది లేత మనస్సులో హింసాబీజం నాటుతుందని ఒకరు. అన్నదమ్ములు చంపుకొనడం హాస్యానికి తగిన వస్తువు కాదని మరొకరు. రెండూ పెద్దమనుష్యుల మాటలే. కాని మన సాహిత్య సంప్రదాయం వారికి సాక్ష్యం చెప్పదు.

భారతం కంటె గొప్ప అంతర్యుద్ధ కథ మనకు వేరే ఏమున్నది? దానిని మన పల్లె ప్రజ ఎట్లా చూచింది? తోలుబొమ్మలాటలో చూచింది. నా బాల్యంలో పద్మవ్యూహం ఆట చూచాను. తెర మీద అభిమన్యుడు యుద్ధానికి బయలుదేరుతుండగా కేతిగాడు, బంగారక్క దిగేవారు. వారి మొరటు సరసం, తిట్లు, ఊరి పెద్దల మీద చురకలు వినలేక ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వేవారు. మరి కొంతసేపటికి ఆ తెర మీదనే అభిమన్యుడు కూలేవాడు. అదే కొంగుతో కన్నీళ్లు ఒత్తుకొనేవారు. బొమ్మ తోలుది, బాణం తోలుది, ఏడుపు మాత్రం నిజం. నవ్వి సడలిన హృదయంలోనికి దుఃఖం సులభంగా ప్రవేశిస్తుందని ఆ ఆటగాండ్రకు తెలుసు.

భారతం దూరమనుకుంటే పల్నాడు ఉన్నది. పన్నెండవ శతాబ్దంలో సవతి తల్లుల బిడ్డలైన నలగామరాజు, మలిదేవరాజు పక్షాల మధ్య జరిగిన పోరు అది. కథలో దాని మలుపులు గమనించండి. రాజ్యం కోడిపందెం మీద పోతుంది. బాలచంద్రుడు బొంగరాలాట ఆడుతుండగా బొంగరం ఒక స్త్రీ కాలికి తగులుతుంది. ఆమె ఆడిన నిష్ఠురమే ఆ పసివాణ్ణి రణరంగానికి త్రోసింది. కోడి, బొంగరం! బోరింగు దగ్గరి బిందె వీటికి ఏమి తీసిపోయింది? మహాయుద్ధాలకు చిల్లర కారణాలుంటాయని మన వీరగాథలు ఏనాడో చెప్పాయి.

కారెంపూడిలో నేటికీ ఏటా కార్తిక మాసాంతాన ఐదు దినాలు వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినాలకు పేర్లు. అనగా ఒక అంతర్యుద్ధాన్ని ఊరు ఊరంతా మళ్లీ అభినయిస్తుంది. కోడిపోరును చూడ వచ్చేవారికి అది వినోదమే. కాని ఆ వినోదం వీరుల గుడి ముందు జరుగుతుంది. కూలినవారి ఆయుధాలకు పూజ జరుగుతుంది. బ్రహ్మనాయుడు కులభేదం పాటించక పెట్టించిన చాపకూడును తలచుకొని నేడూ పంక్తి భోజనం పెడతారు. ఆట, ఏడుపు, సహపంక్తి మూడూ ఒకచోటనే.

పాశ్చాత్యులలోనూ ఈ ఆలోచన లేకపోలేదు. హెచ్. జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అనే చిన్న పుస్తకం వ్రాశాడు. సీసపు సిపాయిలతో, కొయ్యముక్కలు విసిరే బొమ్మ ఫిరంగులతో ఇంట్లో యుద్ధమాడే పద్ధతి అందులో వివరించాడు. బొమ్మ యుద్ధం ఆడి చూచినవాడికి అసలు యుద్ధం ఎంత తెలివిమాలిన పనియో తెలుస్తుందని ఆయన వాదం. మరుసటి ఏడే ప్రపంచ యుద్ధం వచ్చింది. కనుక బొమ్మ తుపాకి నిజం తుపాకిని ఆపుతుందని నేను గొప్పలు చెప్పను. పుట్టిస్తుందన్న మాటను మాత్రం అంగీకరించను.

అయితే ఆ కుర్రవాళ్ల కథలో లోపం లేదా? ఉన్నది. రెండవ భాగంలో తుపాకి దెబ్బకు పడిన తపేలా సేనాపతి మూడవ భాగంలో లేచి తిరుగుతున్నాడు. ఇదేమిరా అంటే, "వాడు లేకుంటే నవ్వు లేదు సార్" అన్నారు. నా అభ్యంతరం ఇక్కడ. నవ్వు మీద కాదు, తుపాకి మీద కాదు. పడినవాడు పడిపోయినట్లు కథకు తెలియకపోవడం మీద. కేతిగాడు ఎంత నవ్వించినా అభిమన్యుణ్ణి లేపి నిలబెట్టలేదు.

చివరి భాగం ఉదయగిరి కోట మీద తీయాలని వారి కోరిక. అప్పుడు వారికి ఆ కోట కథ చెప్పాను. 1513, 1514 సంవత్సరాలలో కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి గజపతుల నుండి ఆ దుర్గం గెలిచాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకొనిపోయి, ఆలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. విజయం శాసనాలకెక్కింది. ఆ రాళ్ల మధ్య ఉభయ పక్షాల కూలిన బంటులు ఎవరి బిడ్డలో ఏ శాసనమూ చెప్పదు. శాసనం వదలిన దానిని చెప్పడానికే కథ ఉన్నది.

"మీ సేనాపతిని ఒక్క భాగంలో లేవనీయకండి. వాడి తల్లి సంధ్యవేళ తపేలా వెతుక్కుంటూ వచ్చేటట్లు తీయండి. ఆ తల్లి వేషం ఎదుటి వీధి పిల్లవాడు వేయాలి" అన్నాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. పిమ్మట ఒకడు, "అది మా అమ్మ చూస్తే ఏడుస్తుంది సార్" అన్నాడు. రెండవ వీధివాడు, "మా అమ్మా అంతే" అన్నాడు. ఆ రెండు వీధుల వారు ఒకరినొకరు పలకరించుకోకపోయినా, ఒకే కథకు ఏడ్వగలరని నాకు అప్పుడు తోచింది.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒకటే. పిల్లవాడి చేతిలో బొమ్మ తుపాకి కనబడగానే లాగి పారవేయకండి. దానితో ఒక కథ చెప్పమనండి. నవ్వు వస్తే మనసారా నవ్వండి. కథ ముగిసిన తరువాత, పడినవాడు ఎవరి బిడ్డ అని ఒక్క ప్రశ్న వేయండి. విద్యార్థులారా, ఆ ప్రశ్నకు జవాబు వెతికి కథను మళ్లీ వ్రాయండి. మీ పెద్దలకు కూడా చూపండి.