ఇంట్లో నల్లా నీళ్లు, అంగన్‌వాడీలో?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల తల్లులు గమనించాలి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో ఇంటికి నల్లా వచ్చింది కదా, ఇక ఫ్లోరోసిస్ భయం లేదనుకోకండి. అంగన్‌వాడీలో అన్నం ఏ నీళ్లతో వండుతున్నారు? బోరు నీళ్లా? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు ఏళ్లతరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. వాటిని తిరిగి సరిచేసే మందు లేదు. పిల్లల పళ్లు గారపట్టేది ఎనిమిదేళ్లలోపు తాగిన నీళ్లవల్లనే. కాచితే ఫ్లోరైడ్ పోదు సరికదా, నీళ్లు ఇగిరి ఇంకా ఎక్కువవుతుంది! పైపు వేసేది ఒక శాఖ, అంగన్‌వాడీ నడిపేది మరొకటి, పళ్లు చూసేది మేము. అందరినీ ఒకచోట నిలదీయగలిగేది మీ గ్రామసభే. ఆ బోరు నీళ్లు పరీక్ష చేయించమనండి. ఫ్లోరైడ్ మించితే వంటగదికీ నల్లా అడగండి.