మద్దెల ఓడు కాదు!

"ఆడలేక మద్దెల ఓడు" అన్నారు పెద్దలు. ఇప్పుడు కాలం తిరగబడింది. ఆడేవాడు నోరెత్తకముందే మద్దెలలమ్మేవాడు వచ్చి, "నీ మద్దెల ఓడు నాయనా, కొత్తది కొనుక్కో" అంటున్నాడు.

కంప్యూటర్లో బొమ్మలు వేసే పిల్లల సంగతే నేను చెప్పేది. గీత గీస్తుంటే కుంచె కాస్త వెనకబడితే చాలు, "మంచి గ్రాఫిక్స్ కార్డు లేదుగా, అందుకే!" అని ఊరంతా వైద్యం చెబుతారు. తండ్రి అప్పోసప్పో చేసి కార్డు కొంటాడు. కుంచె మాత్రం అదే నత్తనడక! కొనలేనివాళ్ళ పిల్ల "మనకీ విద్య రాసిపెట్టి లేదు" అని పెన్ను పక్కన పడేస్తుంది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

క్రీటా సంగతే చూడండి. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ కాబట్టి డబ్బులేని పిల్లలకు అదే దిక్కు. అందులో కార్డు చేసేది బొమ్మను తెరమీద చూపించడం, తిప్పడం, పెద్దదీ చిన్నదీ చేయడం. రంగు పూసే లెక్కంతా ప్రాసెసర్‌దే. వడ్డించేవాళ్ళను పదిమందిని పెంచితే పొయ్యిమీద పప్పు తొందరగా ఉడుకుతుందా? 2018లో వచ్చిన 4.0లో కుంచెలు జోరందుకున్నాయంటే, ప్రాసెసర్‌లోని కోర్లన్నిటికీ పని పంచినందువల్ల. కార్డు పుణ్యం కాదు.

"ఆ లెక్క కూడా కార్డుకే అప్పజెప్పొచ్చుగా?" అంటారు. అప్పజెప్పొచ్చు. కానీ గీత అంటే పక్కపక్కనే పడే ముద్రల వరస. 1000 పిక్సెళ్ళ వెడల్పు కుంచెకు ఒక్కో ముద్రా సుమారు 10 లక్షల పిక్సెళ్ళ లెక్క. కార్డులో వేలమంది కూలీలున్న మాట నిజమే. అయితే రంగులు కలిపే కుంచె, ముందు ముద్ర మిగిల్చిన రంగు చూస్తేగాని తరవాతి ముద్ర వేయలేదు. వరసలో నిలబడాల్సిందే! పైగా బొమ్మను కార్డుకు పంపి, మళ్ళీ తెప్పించుకునే బండి కిరాయి వేరే. ఐప్యాడ్‌లో రెండింటికీ మెమరీ ఒకటే కాబట్టి ఆ బాధ తక్కువ. అందులో నడిచే ప్రొక్రియేట్ 2019లో తన ఇంజనును గ్రాఫిక్స్ చిప్‌కు తగ్గట్టు తిరగరాసుకుంది. పెయింటర్ 2020 కూడా కుంచెలకు కార్డు సాయం తీసుకుంది. కాదనను. కార్డుమీద నాకేం కక్ష?

నా పోట్లాటల్లా "యాక్సిలరేషన్" అన్న మాటతోనే. ఏమిటి పరుగెత్తేది? కుంచా, తెరా? మందుసీసా మీద ఏ రోగానికో రాస్తారే, ఈ ముక్క రాయడానికేం?

వాళ్ళు రాసేదాకా, అయ్యలారా, అమ్మలారా, డబ్బు తీసేముందు పిల్లల్ని టాస్క్ మేనేజర్ తెరిచి ఒక పెద్ద గీత గీయమనండి. ప్రాసెసర్ రొప్పుతూ, ఉన్న కార్డు కునుకు తీస్తుంటే, కొత్త కార్డు కూడా అక్కడ కునుకే తీస్తుంది. కుంచె సైజు తగ్గించమనండి, ముద్రల మధ్య ఎడం కాస్త పెంచమనండి. దానికి పైసా ఖర్చు లేదు.